చామనఛాయ వాళ్లకు ఇది ముందే చెప్పాలి

కళ్ల కింద ఫిల్లర్ (గుంటను నింపడానికి చర్మం కింద వేసే జెల్ ఇంజెక్షన్) వేయిస్తే నల్లటి వలయాలు పోతాయని ఒక వ్యాసంలో చదివాను. అది సగమే నిజం. గుంట పడి నీడలా కనిపించే నలుపైతే హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్‌తో తగ్గుతుంది. చర్మంలోనే రంగు పేరుకుంటే మాత్రం ఎంత నింపినా పోదు.

మా చెల్లిది చామనఛాయ. పెళ్లికి మూడు వారాల ముందు బుగ్గలకు వేయించుకుంది. వాపు నాలుగు రోజుల్లో తగ్గింది గానీ, సూది గుచ్చిన చోటల్లా నువ్వుగింజంత నల్లమచ్చ మిగిలింది. అవి పోవడానికి ఐదు నెలలు పట్టింది. మన చర్మం చిన్న గాయానికే మెలనిన్ అనే నల్లరంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుందని, మొన మొద్దుగా ఉండే కాన్యులా అనే సన్నటి గొట్టంతో వేస్తే గుచ్చే చోట్లు తగ్గుతాయని దానికి ఎవరూ చెప్పలేదు. ఎంత ఏడ్చిందో!

ఇంకో ముఖ్యమైన మాట. ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం పాలిపోతుంది. తెల్లటి ఒంటి మీద అది ఇట్టే తెలుస్తుంది, నల్లటి ఒంటి మీద అంత తేలిగ్గా కనబడదు. నొప్పి పెరుగుతున్నా, చూపు మసకబారినా రేపు చూద్దాంలే అనుకోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ ఇంజెక్షన్ క్లినిక్‌లో ఉందో లేదో డబ్బు కట్టే ముందే అడగండి.