ఒడిలో పెట్టుకునేదా, చేతిలో పట్టుకునేదా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, చుట్టాల దగ్గర్నుంచి నాకు ఫోన్లు వస్తాయి. మొన్న తెనాలి నుంచి మా బాబాయి చేశాడు. "ఒరేయ్, మావాడికి ల్యాప్‌టాపూ ట్యాబూ రెండూ ఒకదాంట్లోనే వస్తున్నాయంటగా, అదే కొనేద్దామా?" అన్నాడు. వస్తున్న మాట నిజమే. కానీ అవి రెండు రకాలు. కొనేవాళ్లు తికమకపడేది అక్కడే.

ఒకటి విడదీసే రకం. కంప్యూటరంతా తెర వెనకే ఉంటుంది, కీబోర్డు అట్టలా వచ్చి అతుక్కుంటుంది. 2012లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ వచ్చాక ఇది బాగా జనంలోకి వెళ్లింది. కీబోర్డు తగిలించిన ఐప్యాడ్ కూడా ఈ కోవలోదే. రెండోది మడిచే రకం. అదే ఏడాది లెనోవో యోగా ఈ పద్ధతిలో వచ్చింది. చూడ్డానికి మామూలు ల్యాప్‌టాపే, కాకపోతే మడతబందు 360 డిగ్రీలు తిరిగి తెర వెనక్కి పోతుంది.

బెజవాడ ఏలూరు రోడ్డు షోరూముల్లో రెండూ ముచ్చటగానే కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ అవి బల్ల మీద ఉంటాయి. తేడా తెలియాలంటే బస్సెక్కాలి. మాది గుంటూరు, ఉద్యోగం బెజవాడలో. విడదీసే రకం ఒక ఆర్నెల్లు వాడాను. బరువంతా తెర వైపే కాబట్టి అది నిలబడాలంటే వెనక స్టాండు చాచాలి. ముందు కీబోర్డు, వెనక స్టాండు, రెంటికీ కలిపి నా ఒడి చాలేది కాదు. ఒకరోజు మంగళగిరి దగ్గర డ్రైవరు బ్రేకు వేయగానే స్టాండు మోకాళ్ల మీంచి జారి, తెర వెళ్లి ముందు సీటుకి కొట్టుకుంది. పగల్లేదు గానీ, ఆ రోజు నుంచి బస్సులో దాన్ని బ్యాగులోంచి తీయలేదు. మడిచే రకానికి ఈ బాధ లేదు. బరువు కింద ఉంటుంది, తెర పలచగా ఉంటుంది, ఒడిలో బుద్ధిగా కూర్చుంటుంది.

అదే సీట్లో పీడీఎఫ్ చదవాలనుకోండి, కథ తిరగబడుతుంది. 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్ దాదాపు కిలోన్నర తూగుతుంది. ఒంటిచేత్తో పది నిమిషాలు పట్టుకుంటే చాలు, మణికట్టు మొరాయిస్తుంది. పైగా వెనక మీటలు పనిచేయకపోయినా వేళ్లకు తగులుతూనే ఉంటాయి. పెద్ద సైజు విడదీసే ట్యాబులైనా చాలావరకు కిలోకి లోపే. పెన్నుతో లెక్కలు చేసుకునే పిల్లలకీ, పడుకుని చదివే నాలాంటివాళ్లకీ అదే హాయి. ఇందులో నాకు అనుమానం లేదు.

అయితే ప్రకటనల్లో ముందు కనిపించేది ఒంటి ట్యాబ్ బరువే. 2024 నాటి 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో 580 గ్రాములే. దాని మ్యాజిక్ కీబోర్డు తగిలిస్తే 1.2 కిలోలు దాటుతుంది, అంటే ఇంచుమించు 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ అంత. ధర సంగతీ ఇలాంటిదే. కీబోర్డు, పెన్ను చాలాసార్లు విడిగా కొనాలి. బిల్లు చూశాకే అసలు ధర తెలుస్తుంది.

ఇంకో మాట. మన ఇళ్లలో కంప్యూటర్ ఒక్కరిది కాదు. పగలు అబ్బాయి క్లాసులు, సాయంత్రం నాన్న లెక్కలు, రాత్రి అమ్మ యూట్యూబ్. విండోస్‌లో ఎవరి ఖాతా వాళ్లు పెట్టుకోవచ్చు. ఐప్యాడ్‌లో ఇంటి వాడకానికి ఆ ఏర్పాటు లేదు. అబ్బాయి మెసేజులు నాన్న కంటపడితే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

గుంటూరు మిర్చి యార్డు వ్యాపారమో, జీఎస్టీ పనో చేసుకునే ఇల్లయితే ఇంకొంచెం ఆలోచించాలి. పద్దులు రాసే టాలీ విండోస్ ప్రోగ్రాము, ఐప్యాడ్‌లో నేరుగా నడవదు. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి వాడే డిజిటల్ సంతకం టోకెన్ యూఎస్‌బీలో గుచ్చాలి. 2024 నుంచి సర్ఫేస్ ప్రోతో పాటు కొన్ని మడత ల్యాప్‌టాప్‌లు కూడా ఇంటెల్ బదులు, ఫోన్లలో ఉండే రకం స్నాప్‌డ్రాగన్ చిప్పుతో వస్తున్నాయి. వాటిలో పాత ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ, తగిలించే పరికరాల్ని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఆ చిప్పుకోసం రాసినవే ఉండాలి. టోకెన్‌కీ, ఇంట్లో ఉన్న పాత ప్రింటర్‌కీ అవి దొరుకుతాయో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి.

ఎండ సంగతి మర్చిపోకూడదు. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో బెజవాడ 40 దాటుతుంది. ఫ్యాన్ లేని పలచటి ట్యాబ్ వేడెక్కితే వేగం తగ్గించుకోవడమో, తెర మసకబారడమో తప్ప దానికి వేరే దారి లేదు. ఫ్యాన్ ఉన్నవి మోత పెడతాయి గానీ పని సాగుతుంది.

ఇంటికి ఒక్కటే కొనగలిగితే, పెన్నుతో రాసే పనీ ఉంటే, నా ఓటు మడిచే రకానికే. పెన్ను పని లేకపోతే ఆ మడతబందుకి అదనంగా డబ్బు కట్టడం దండగ. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మడిచేదే. దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పింది రెండుసార్లు, అందులో ఒకటి షాపులో.

అందుకే బాబాయితో, "రోజుకి గంటైనా పెన్నుతో రాస్తాడా అని ముందు వాణ్నే అడుగు" అన్నాను. అడిగాడట. సినిమాలు చూస్తానన్నాడట. మామూలు ల్యాప్‌టాప్ కొన్నారు.