చావకపోతే చాలా?

పద్నాలుగు రోజుల పరీక్షలో వానపాములు చావలేదు కాబట్టి ఒక పారిశ్రామిక రసాయనం నేలకు హాని చేయదని ఒక వ్యాసంలో తేల్చేయడం తొందరపాటుగా అనిపించింది. ఆ పరీక్ష, అంటే రసాయనాల పరీక్షా పద్ధతులను నిర్దేశించే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 1984లో తెచ్చిన 207వ పరీక్ష, ప్రధానంగా చూసేది చావునే. పిల్లలు ఎన్ని పుట్టాయో తెలియాలంటే అదే సంస్థ 222వ పరీక్షలో 56 రోజులు ఆగాలి. పైగా 207లో వాడే కృత్రిమ మట్టిలో పదో వంతు పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు) ఉంటుంది. సేంద్రియ పదార్థం చాలా రసాయనాలను పట్టి ఉంచుతుంది కనుక, అది బాగా తక్కువగా ఉండే మా చిత్తూరు ఎర్రనేలల్లో అదే మోతాదు వానపాముకు మరింతగా తగలవచ్చు. బంగారుపాళెం దగ్గర మా మామిడితోటలో తొలకరి తర్వాత ఎండుటాకులు ఎత్తితే చెట్టు మొదట్లో వానపాములు విసర్జించిన మట్టి ఉండలు కనిపిస్తాయి, నాలుగడుగులు దాటితే ఒక్కటీ ఉండదు. సేంద్రియ పదార్థం అంతగా లేని అలాంటి మట్టితోనూ పరీక్షించాకే ప్రమాదం లేదనాలి.