టక్కు, టమారం

హైదరాబాదులో పన్నెండేళ్లు తిరిగిన కారుకు మాటలు వస్తాయి. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో ఈ సంగతి రాయకపోయినా, నల్లకుంట, విద్యానగర్, రామంతాపూర్ సందుల్లో బండి నడిపే వారెవరికీ ఇది కొత్త కాదు. మా బండి 82,000 కిలోమీటర్ల దగ్గర నోరు విప్పింది. దానికి వచ్చిన మాట ఒక్కటే, "టక్కు". వెనక చక్రం గుంతలోకి దిగేటప్పుడు ఒక టక్కు, గుంతలోంచి ఎక్కేటప్పుడు ఒక టక్కు, మ్యాన్‌హోల్ మూత మీద రెండు, మా సందు మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం పెళ్లిలో తాళి కట్టే వేళ డోలు మోగినట్టు లెక్కకు అందనన్ని.

ఆ మోత వల్ల కొన్ని లాభాలు కూడా ఉండేవని నిష్పక్షపాతంగా ఒప్పుకోవాలి. అది వినగానే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి గేటు తీసేవాడు. మూడో అంతస్తులో మా ఆవిడ అదే సంకేతానికి టీ నీళ్లు పొయ్యి మీద పెట్టేది. ఆరు నెలల పాటు ఇంటి ముందు హారన్ కొట్టే అవసరమే రాలేదు కాబట్టి, శబ్ద కాలుష్య నివారణలో మా బండి చేసిన సేవ తక్కువేమీ కాదు.

ఆ స్పీడ్ బ్రేకర్ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటవలసిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, చక్రాన్ని మెల్లగా ఎక్కించి మెల్లగా దింపాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల్లో ఉంది. మా సందులోది వేరే సంప్రదాయానికి చెందినది. ఒక ఇంటి స్లాబు పడిన రోజున మిగిలిపోయిన కాంక్రీటును ఎక్కడ పారబోయాలో తోచక మేస్త్రీ రోడ్డుకు అడ్డంగా పోసి, తాపీతో రెండు చరుపులు చరిచి వెళ్లిపోయాడు. ఎత్తు జానెడుకు కొంచెం తక్కువ, వెడల్పు మూరెడు. పిల్లల క్షేమం కోసం కట్టినదని ఇప్పుడు అందరూ నమ్ముతున్నారు.

వెనక నుంచి వచ్చే టక్కుకు నగరంలో వాడుకలో ఉన్న మొదటి వైద్యం పాట శబ్దం పెంచడం. ఇది ఖర్చు లేనిది, వెంటనే గుణం కనిపించేది. నేను ఈ మందును 14తో మొదలుపెట్టి 22 దాకా వాడాను. ఆ తర్వాత టక్కు వినిపించలేదు గాని, పక్కన కూర్చున్న మా ఆవిడ మాట కూడా వినిపించకపోవడంతో చికిత్స ఇంటి స్థాయిలోనే రద్దయింది. రెండో వైద్యం వెనక బరువు వేయడం. 26 కిలోల సోనామసూరి బస్తా డిక్కీలో వేసుకుని తిరిగిన వారం రోజులూ శబ్దం కొంత సద్దుమణిగింది కూడా. వారం తిరిగేసరికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. బస్తా పైకి వెళ్లింది, టక్కు కిందికి వచ్చింది.

మూడో వైద్యం అభిప్రాయ సేకరణ. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారు తన బాల్కనీలోంచే విని, వీల్ బేరింగు పోయిందని తేల్చారు. బేరింగు పోతే వేగంతో పాటు పెరిగే ఊళ వస్తుందే తప్ప గుంతకొక టక్కు రాదని నాకు తెలుసు. కానీ ఆయన మా అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారి, నేను రెండు నెలల మెయింటెనెన్సు బాకీ. మా బావమరిది స్ప్రింగు విరిగిందన్నాడు. మా అత్తగారు దిష్టి అని నిర్ణయించి ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారు. శబ్దం వెనక నుంచి వస్తోందన్న నా అభ్యంతరాన్ని, దిష్టి ఎప్పుడూ ఎదురుగానే తగులుతుందన్న తర్కంతో కొట్టిపారేశారు. మా ఆవిడ మాత్రం, "ముందు ఆ డిక్కీ ఖాళీ చేయండి" అంది. వచ్చిన అభిప్రాయాల్లో శాస్త్రీయమైనది ఇదొక్కటే కావడం వల్ల దీన్ని అన్నిటికంటే చివరికి వాయిదా వేశాను.

ఈలోగా బండిని అద్దాల గోడలు, ఉచిత కాఫీ ఉన్న ఒక పెద్ద సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న యువకుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొత్తగా తారు వేసిన రోడ్డు మీద, అద్దం మీద నూనె జారినట్టు కిలోమీటరు దూరం నడిపాడు. సందుల్లోకి పోనిద్దామంటే బీమా ఒప్పుకోదన్నాడు. తిరిగి వచ్చి జాబ్ కార్డు మీద "శబ్దం గమనించబడలేదు" అని రాసి, దాని కిందే నాలుగు షాకప్పులు, రెండు వెనక స్ప్రింగులు, వీల్ అలైన్‌మెంటు, ఏసీ గాలికి సుగంధం పట్టించే ప్రత్యేక సేవ కలిపి 31,400 రూపాయలు అంచనా వేశాడు. వినపడని రోగానికి ఇంత విపులంగా మందు రాయగలవాళ్లు ఆయుర్వేదంలో కూడా లేరు. టక్కు నా బండిది, టమారం ఆ కాగితానిది.

అసలు షాకప్పు (షాక్ అబ్జార్బర్, అంటే దెబ్బను మింగేది) పేరును బట్టి మోసపోవలసిన వస్తువు. బండి బరువు మోసేది, గుంత దెబ్బను మొదట తీసుకునేది స్ప్రింగు. దెబ్బ తిన్న స్ప్రింగు చిన్నపిల్లవాడిలా ఎగురుతూనే ఉంటుంది కనుక, ఆ ఎగురుడును లోపలి నూనెలో పట్టి ఆపి, వేడిగా మార్చి గాలికి వదిలేయడం షాకప్పు పని. మా బండిలో వెనక వైపు స్ప్రింగు వేరుగా, షాకప్పు వేరుగా ఉంటాయి. షాకప్పు పై కొసకూ బండి రేకుకూ మధ్య గుప్పెట్లో పట్టే రబ్బరు ముద్ద ఒకటుంది. దాన్ని షెడ్లలో మౌంటింగ్ అంటారు. పెద్ద ఆఫీసరు గది బయట స్టూలు మీద కూర్చునే బంట్రోతు ఉద్యోగమే దాని ఉద్యోగం కూడా. కింది నుంచి వచ్చే ప్రతి మొరనూ తాను మింగి, లోపల ఏసీలో కూర్చున్నవారికి ఏమీ తెలియకుండా చూడాలి. పన్నెండేళ్లు మింగాక రబ్బరు గట్టిపడి, బీటలు వారి, ఇనుము నుంచి ఊడుతుంది. ఆ మర్నాటి నుంచి రోడ్డు తన గోడును నేరుగా లోపలికే చెప్పుకుంటుంది.

చిన్న గుంతలకే ఎక్కువ మోగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. రబ్బరు పోయిన చోట ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. షాకప్పు కడ్డీని ఒకే దిక్కుకు నెట్టి ఉంచినంత సేపు నిశ్శబ్దం. పైకి నెట్టుడు కిందికి లాగుడుగా మారిన ప్రతిసారీ కడ్డీ ఆ ఖాళీని దాటి వెళ్లి ఇనుముకు కొట్టుకుంటుంది. అందుకే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డంతా చుట్టి వచ్చినా మా బండి నోరు మెదపదు, మా సందులో ఇరవై అడుగులు నడిస్తే చాలు, ఆత్మకథ మొత్తం చెబుతుంది.

చివరికి ఒక ఆదివారం డిక్కీ ఖాళీ చేశాం. పంచనామాలో తేలిన వస్తువులు: స్టెప్నీ, జాకీ, చక్రాల పానా, సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చి మూడో అంతస్తుకు మోయలేక వదిలేసిన రుబ్బురోలు పొత్రం, యాదగిరిగుట్టలో కొట్టడం మరిచిపోయిన కొబ్బరికాయ, ఎవరిదో ఎడమ కాలి చెప్పు. ఇవన్నీ దించి మళ్లీ సందులో తిప్పితే పొత్రం దడదడ, కాయ దొర్లుడు పోయి, తంబురా ఆపేసిన పాటకుడి గొంతులా అసలు టక్కు ఒక్కటే స్పష్టంగా మిగిలింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

ఆ ఊపులో వెనక సీటు గొళ్లెం సందులో పాత తువ్వాలు కుక్కి చూశాం, టక్కు తగ్గలేదు. ఇంజను చల్లారాక సైలెన్సరును చేత్తో పట్టి ఊపాం. దాన్ని వేలాడదీసిన రబ్బర్లు గట్టిగానే ఉన్నాయి. అప్పుడు మా బావమరిది ప్రత్యక్ష సాక్షిగా ఉండడానికి ముందుకు వచ్చి, సీటు మడిచి, వెనక మోకాళ్లు ముడుచుకుని పడుకుని రేకుకు చెవి ఆనించాడు. మూడు సందులు తిరిగాక అతను బయటికి వచ్చి, తల మీద దుమ్ము దులుపుకుంటూ, శబ్దం కుడివైపు నుంచి వస్తోందని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. రేకు అనేది వార్తను ఒక చోట విని మరో చోట చెప్పే రకమని మాకు అప్పటికి తెలియదు.

తెలిసినది అంబర్‌పేటలో ఒక వేపచెట్టు కింది షెడ్డు ఉస్తాద్‌కు. ఆయన బండి స్టార్టు చేయమని కూడా అడగలేదు. వెనక మూలన అరచేయి పెట్టి బలంగా నొక్కి వదిలాడు. బండి పైకి లేచి, అక్కడే నిలబడింది. షాకప్పు పోయి ఉంటే ఇంకో రెండు మూడు ఊపులు ఊగి ఉండేది. తర్వాత టైరు వెనక్కి తల దూర్చి షాకప్పు ఒంటి మీద టార్చి వేశాడు. నూనె చెమ్మ ఎక్కడా లేదు, పన్నెండేళ్ల పొడి దుమ్ము మాత్రం ఉంది. "షాకప్ మంచిగున్నది సార్. మౌంటింగ్ ఖతమైంది," అన్నాడు. నేను అనుమానంగా చూడడంతో కుర్రవాడిని వెనక బంపరు దగ్గర నిలబెట్టి బండిని ఊపించి, "సార్, ఇట్ల వేలు పెట్టుండ్రి," అని నా చేయి పట్టుకుని ఎడమ చక్రం పైన, చీకట్లో, రబ్బరూ ఇనుమూ కలిసే అంచు మీద ఆనించాడు. కుర్రవాడు నొక్కినప్పుడల్లా ఆ అంచు నా వేలి కొస కింద చీమ కదిలినంత కదిలి ఆగింది, ఆగిన చోట చిన్న దెబ్బ తగిలింది. ఆరు నెలల విచారణ, ఒక కోశాధికారి అభిప్రాయం, ఒక నిమ్మకాయ, 31,400 రూపాయల కాగితం, అన్నీ ఆ చీమంత కదలికలో ముగిశాయి. కుడివైపు కూడా వేలు పెట్టి చూస్తే అక్కడ సగం చీమ ఉంది. "రెండు కలిపి ఏసేద్దాం సార్. ఒక్కటే మారిస్తే రెండోది ఊకోదు," అన్నాడు ఉస్తాద్.

సామాను నేను రాణీగంజ్ వెళ్లి తెచ్చాను. దుకాణదారు బండి తయారైన సంవత్సరం చెబితే చాలలేదు, నెల కూడా అడిగాడు. మా పెళ్లి సంబంధం మాట్లాడినప్పుడు కూడా ఇంత నిక్కచ్చిగా అడగలేదు. జత మౌంటింగులు, కొత్త నట్లు, షాకప్పు అడుగంటా దిగకుండా ఆపే రెండు బంప్ స్టాపర్లు కలిపి 1,260 రూపాయలు.

మర్నాడు పని. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు, వెనక జాకీ మీద లేపి స్టాండ్లు నిలిపారు, చక్రం ఊడదీశారు. ఉస్తాద్ రెండో జాకీ తెచ్చి ఇరుసు కింద ఆనించాక గాని షాకప్పు బోల్టు మీద పానా పెట్టలేదు. షాకప్పు తీసేస్తే ఇరుసు కిందికి వేలాడి బ్రేకు నూనె పైపును లాగుతుందట, స్ప్రింగు కూడా చోటు తప్పుతుందట. కింది బోల్టు, చక్రం గూడులో ప్లాస్టిక్ తొడుగు వెనక ఉన్న రెండు పై బోల్టులు విప్పితే షాకప్పు మౌంటింగుతో సహా చేతికి వచ్చింది. కొన్ని బండ్లకు ఆ పై బోల్టులు డిక్కీ పక్క అట్ట వెనక ఉంటాయి. అప్పుడు కొబ్బరికాయ విషయం ముందే బయటపడేది.

అసలు నైపుణ్యం కొసనున్న నట్టు దగ్గర కనిపించింది. నట్టు తిప్పితే కడ్డీ కూడా దానితో పాటే తిరుగుతుంది. కుర్రవాడు పక్కర్ (పట్టకారు) తీసి మెరిసే కడ్డీని పట్టబోయాడు. ఉస్తాద్ అరిచిన అరుపుకు వేపచెట్టు మీది కాకులు లేచాయి. ఆ నున్నటి కడ్డీ మీద గీత పడితే అది లోపలికి దిగిన ప్రతిసారీ ఆయిల్ సీలును కోస్తుంది, నెలకల్లా నూనె కారుతుంది. మంచి షాకప్పును చంపి కొత్త షాకప్పు అమ్మే మార్గం అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన కడ్డీ కొసలో ఉన్న ఆరు పలకల గుంటలో ఎల్-కీ దూర్చి పట్టి, వంపు రింగు పానాతో నట్టు విప్పాడు.

పాత మౌంటింగును నా చేతిలో పెట్టాడు. రబ్బరు ఒక పక్క గిన్నె నుంచి పూర్తిగా ఊడి, నలిపితే నల్ల నువ్వుల పొడిలా రాలింది. దాని కిందున్న వాషరు ఒక అంచు మాత్రం, దెబ్బలు తిని తిని, కొత్త రూపాయి బిళ్లలా తళతళలాడుతోంది. ఆరు నెలలుగా మా ఆవిడ చేత టీ పెట్టించింది ఆ మెరుపే.

కొత్తవి ఎక్కించాక కుర్రవాడు బండి గాలిలో ఉండగానే కింది బోల్టును చివరంటా బిగించబోయాడు. మళ్లీ అరుపు. కింది బుష్షులో కూడా రబ్బరే ఉంది. చక్రం వేలాడే భంగిమలో బిగిస్తే, బండి నేలకు దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలి తిరిగిన మెడతో బతకాలి, ఎక్కువ కాలం బతకదు. అందుకని ఇరుసు కింది జాకీని లేపి, బండి బరువు దాని మీద పడే ఎత్తుకు తెచ్చాక బిగించారు. కుడివైపు కూడా ఇదే తంతు, అరుపులు మినహా. కూలి 600 తీసుకున్నాడు. జాబ్ కార్డు లేదు, సుగంధం లేదు.

చీకటి పడే వేళకు మా సందు మొదట్లోకి వచ్చాను. మేస్త్రీ చేతి చలవ ముందు చక్రాలకు తగిలింది, వెనక చక్రాలకు తగిలింది, ఎవరో దిండు మీద గుద్దినట్టు "బుస్సు" మని ఊరుకుంది. అపార్ట్‌మెంటు ముందు ఆగాను. గేటు మూసి ఉంది. రెండు నిమిషాలు చూసి, ఆరు నెలల్లో మొదటిసారి హారన్ కొట్టాను. వాచ్‌మన్ చేతిలో పళ్లెంతో వచ్చి గేటు సందులోంచి తొంగి చూశాడు.

"మీరా సారు? బండి చప్పుడు రాలే. ఎవలో అనుకున్న."

పైకి వెళ్లేసరికి పొయ్యి వెలిగించి లేదు.