ఒక్క కౌన్సెలర్‌కు కనిపించనిది

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలను నిర్దేశించింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలని, పరీక్షల కాలంలో చిన్న చిన్న విద్యార్థి బృందాలకు ప్రత్యేకంగా మెంటార్లను గానీ కౌన్సెలర్లను గానీ కేటాయించాలని అందులో ఉంది. ఈ అంశంపై చట్టం వచ్చేవరకు ఈ మార్గదర్శకాలే అమల్లో ఉంటాయి. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు, కోచింగ్ కేంద్రాలు ఇంత విస్తారంగా పెరిగిన తెలుగు రాష్ట్రాల్లో ఈ తీర్పు నేరుగా మన హాస్టల్ గదులకు సంబంధించినది.

వందల మందికి ఒక్క కౌన్సెలర్ ఉన్నచోట ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడడం సాధ్యపడదు గనుక, ఆచరణలో చాలా సంస్థలు బృంద కౌన్సెలింగ్ వైపే మొగ్గుతాయి. అందులో తప్పు లేదు. అయితే ఆ బృందాన్ని ఒక్కరే నడిపి, ఆ తరువాత ఎన్ని సెషన్లు జరిగాయో, ఎంతమంది హాజరయ్యారో రాసి పైకి పంపితే సరిపోతుందనుకుంటే మాత్రం తీర్పు ఉద్దేశం నెరవేరదు. బృందానికి ఇద్దరు నిర్వాహకులు కావాలి. దాని ఫలితాన్ని నిర్వాహకుల నమ్మకంతో కాకుండా బృందంలోని పిల్లలు చెప్పినదానితో కొలవాలి. ఈ రెండింటికీ మూలకారణం ఒక్కటే: బృందంలో ఎవరికి మేలు జరుగుతోందో, ఎవరికి కీడు జరుగుతోందో నడిపే మనిషికి కనిపించేది చాలా తక్కువ.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. సెమినార్ హాలులో మూడు సెక్షన్ల పిల్లలను కూర్చోబెట్టి, మైకు పట్టుకుని ఒత్తిడిని ఎలా జయించాలో గంటసేపు చెప్పడం ఉపన్యాసం. దానివల్ల కొంత సమాచారం అందవచ్చు గానీ అది బృంద కౌన్సెలింగ్ కాదు. బృందమంటే ఎనిమిది నుంచి పది మంది, అదే సభ్యులు, వారానికోసారి, సుమారు గంటన్నర, కొన్ని వారాల పాటు కలవడం. 1905లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ శానటోరియం ఖర్చు భరించలేని పేద క్షయరోగులను వారానికోసారి ఒకచోట చేర్చినప్పుడు ఆయన ఉద్దేశం ఆరోగ్య నియమాలు నేర్పడమే. రోగులు ఒకరినొకరు చూసి ధైర్యం తెచ్చుకోవడం ఆయన ఆ తరువాత గమనించారు. బృంద చికిత్సలో మేలు చేసే 11 అంశాలను వివరించిన అమెరికన్ మనోవైద్యుడు ఇర్విన్ యాలోమ్ కూడా, ఈ బాధ తన ఒక్కరిదే కాదని తెలియడానికి పెద్ద స్థానమే ఇచ్చారు. మాక్ టెస్టులో ర్యాంకు పడిపోయిన పిల్లవాడికి తన పక్క బల్ల మీది ‘టాపర్’ కూడా రాత్రి నిద్రపోవడం లేదని తెలిసే చోటు అదొక్కటే.

ఇక ఇద్దరు ఎందుకో చూద్దాం. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్న గదిని తీసుకోండి. ఒక అమ్మాయి, “ఆదివారం నాన్న ఫోన్ చేస్తే మార్కులు తప్ప ఇంకేమీ అడగరు” అని మొదలుపెట్టి ఏడుస్తుంది. కౌన్సెలర్ దృష్టి మొత్తం ఆమె మీదే ఉంటుంది, ఉండాలి కూడా. అదే క్షణంలో ఎదురుగా ఉన్న అబ్బాయి కుర్చీని నాలుగు వేళ్లు వెనక్కి జరిపి, వాచీ వైపు చూసి, తల దించుకుంటాడు. అతనికి తండ్రి లేడన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఒక్కరే నడిపే బృందంలో ఆ కుర్చీ జరగడం ఎవరి కంటా పడదు. ఆ అబ్బాయి వచ్చే వారం రాడు, రిజిస్టరులో గైర్హాజరు అని మాత్రం పడుతుంది. ఇద్దరున్నప్పుడు ఒకరు మాట్లాడుతున్న మనిషిని పట్టుకుంటారు, రెండోవారు మాట్లాడనివాళ్లను చూస్తారు. ఈ పని విభజన కోసమే సహ నిర్వాహకులు పక్కపక్కన కాకుండా వలయంలో ఎదురెదురుగా కూర్చుంటారు. అలా కూర్చుంటే ఒకరికి కనిపించని పక్కవాళ్లు ఇంకొకరికి కనిపిస్తారు, కంటి సైగతో మాట అందించుకోవడానికీ వీలుంటుంది.

సెషన్ ముగిశాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే పావుగంట, ఇరవై నిమిషాలను నేను సెషన్‌లో భాగంగానే చూస్తాను. నువ్వు ఏం చూశావు, నేను ఏం చూశాను, ఎక్కడ తొందరపడ్డాం, వచ్చే వారం ఎవరిని పలకరించాలి అన్నవి అక్కడే తేలతాయి. ఆ సమయాన్ని టైంటేబుల్‌లో చూపకుండా, గంట కొట్టగానే ఒకరిని ఇంకో సెక్షన్‌కు పంపించే సంస్థ ఇద్దరికి జీతమిచ్చి ఒక్కరి పనే చేయించుకుంటుంది. 2012లో డెన్నిస్ కివ్లిఘన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో ఇద్దరు నడిపిన బృందాల సభ్యులు తమకు ఎక్కువ మేలు జరిగిందని చెప్పారు. అంతమాత్రాన ఏ ఇద్దరిని జత చేసినా సరిపోతుందని కాదు.

సరిపోకపోవడానికి మన దగ్గర బలమైన కారణం ఒకటుంది. కొత్తగా ఎం.ఏ. సైకాలజీ ముగించి వచ్చిన అమ్మాయిని పదిహేనేళ్ల అనుభవమున్న సీనియర్‌తో జత చేస్తే, ఆమె గదిలో ‘సార్’ అని పిలుస్తుంది, బయట కూడా ‘సార్’ అనే పిలుస్తుంది. సార్ పొరపాటున ఒక పిల్లవాడిని అందరి ముందూ చిన్నబుచ్చితే సర్ది చెప్పే చొరవ ఆమెకు ఉండదు, సెషన్ తరువాత చెప్పే ధైర్యమూ ఉండదు. క్రమంగా ఆమె పని హాజరు వేయడం, ఫొటోలు తీయడం, మంచినీళ్ల సీసాలు సర్దడం వరకు కుదించుకుపోతుంది. పిల్లలు ఈ తరతమ భేదాన్ని మొదటి పది నిమిషాల్లోనే పసిగడతారు. ఆ తరువాత ఆమె ఏమన్నా అది మాటగా చెల్లదు. ఇందుకు మందు మర్యాద మానేయడం కాదు, ముందే ఒప్పందం చేసుకోవడం: సెషన్ ఎవరు మొదలుపెడతారు, ఎవరు ముగిస్తారు, ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు చెప్పాల్సి వస్తే ఎలా చెబుతారు, వారం మార్చి వారం ఈ బాధ్యతలు ఎలా మారతాయి అన్నవి మొదటి సెషన్‌కు ముందే తేల్చుకోవాలి. తొలి సమావేశాల్లో బృందం ఇంకా కుదురుకోదు గనుక నిర్వాహకులు అందరి ముందూ విభేదించకపోవడమే మేలని, బృందం గట్టిపడ్డాక మాత్రం పెద్దలు గౌరవంగా ఎలా విభేదించుకుంటారో సభ్యులు చూడడం మంచిదని యాలోమ్ చెప్పారు. ఇంట్లో అమ్మానాన్నల వాదన అంటే కేకలేనని అనుకునే పిల్లలకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. సీనియరూ జూనియరూ అన్న తేడా పూర్తిగా పోదు, పోవాల్సిన అవసరమూ లేదు. జూనియర్ చూసినదాన్ని సీనియర్ ముందుగా అడిగి తెలుసుకునే అలవాటు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఇంకో మాట. పాఠం చెప్పే లెక్చరర్‌ను గానీ హాస్టల్ వార్డెన్‌ను గానీ రెండో నిర్వాహకులుగా కూర్చోబెట్టకూడదు. ఉదయం స్టడీ అవర్‌లో నిలబెట్టిన మనిషి ఎదుట సాయంత్రం ఏ పిల్లవాడూ నోరు విప్పడు.

మూల్యాంకనం విషయంలో మన పరిస్థితి ఇంకా బలహీనంగా ఉంది. కార్యక్రమం ముగియగానే ఒక కాగితం ఇచ్చి, సెషన్ ఎలా ఉందో టిక్ పెట్టమంటారు. సార్ ఎదురుగా నిలబడి ఉండగా ‘చాలా బాగుంది’ కాక ఇంకేం పడుతుంది? కానీ నిజంగా బాగుందా లేదా అన్నది నిర్వాహకులు చూసి చెప్పేయగలిగేదని అనుకోవడం కూడా పొరపాటే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రెండు వందల మందికి పైగా విద్యార్థులతో నడిచిన ‘ఎన్‌కౌంటర్ గ్రూపుల’పై, అంటే సభ్యులు తమ మనసులోని మాటను ఒకరికొకరు దాచకుండా చెప్పుకునే బృందాలపై, లీబర్మన్, యాలోమ్, మైల్స్ చేసిన అధ్యయనం 1973లో వెలువడింది. పాల్గొన్నవారిలో సుమారు 8 శాతం మంది ఆ బృందాల వల్లనే మానసికంగా దెబ్బతిన్నారని, ఆ దెబ్బ నెలల తరువాత కూడా మిగిలే ఉందని అందులో తేలింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, దెబ్బతిన్నవాళ్లను నాయకులు చాలావరకు గుర్తించలేకపోయారు. ఎవరికి దెబ్బ తగిలిందని తోటి సభ్యులను అడిగితే వాళ్లే మెరుగ్గా చెప్పగలిగారు.

వ్యక్తిగత చికిత్సలోనూ ఇదే తీరు. 2005లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో 550 మందిలో ఎవరి పరిస్థితి చికిత్స ముగిసేసరికి దిగజారుతుందో ముందే చెప్పమని చికిత్సకులను అడిగారు. వాళ్లు ముగ్గురిని చూపించారు. నిజానికి దిగజారింది 40 మంది. వాళ్లు చేతకానివాళ్లు కారు, మనసు పెట్టి పనిచేసే చికిత్సకులే. తాను చేస్తున్న పని మేలు చేస్తోందన్న నమ్మకం లేకపోతే ఎవరూ ఈ వృత్తిలో నిలవలేరు, ఆ నమ్మకమే చెడు సూచనలను కప్పేస్తుంది.

అందుకే కొలత కాగితం మీద ఉండాలి, పిల్లల చేత్తో ఉండాలి. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదే ప్రశ్నలు, గత రెండు వారాల గురించే అడుగుతుంది, మొత్తం 27 పాయింట్లు. బృందం మొదలుకాకముందు, మధ్యలో, చివర్లో, మూడు నెలల తరువాత దాన్ని నింపించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయితే అందులోని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనిపించడం, తనను తాను గాయపరచుకోవాలనిపించడం గురించినది. దానికి ‘అవును’ అని సూచించిన కాగితాన్ని అదే రోజు ఎవరో ఒకరు చదివి, ఆ విద్యార్థితో విడిగా మాట్లాడి, అవసరమైతే మనోవైద్యుల దగ్గరికి తీసుకెళ్లే ఏర్పాటు లేనిచోట ఆ ప్రశ్నాపత్రాన్ని పంచకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 గోడ మీద అంటించడం ఈ బాధ్యతకు తోడు అవుతుందే గానీ ప్రత్యామ్నాయం కాదు.

పాయింట్లు ఎప్పుడు తీసుకున్నామన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఫిబ్రవరిలో బృందాన్ని మొదలుపెట్టి, పబ్లిక్ పరీక్షలు అయిపోయాక ఏప్రిల్‌లో కొలిస్తే ఆందోళన తగ్గినట్టే కనిపిస్తుంది. ఏ కౌన్సెలింగూ లేని పిల్లల్లోనూ అప్పటికి అది తగ్గుతుంది. బృందాల్లో చోటు తక్కువ కాబట్టి ఎలాగూ కొందరు రెండో విడత కోసం ఎదురుచూస్తారు. వాళ్ల చేత కూడా అదే రోజుల్లో అవే ప్రశ్నలు నింపిస్తే, బృందం వల్ల వచ్చిన మార్పెంతో, కాలం వల్ల వచ్చిందెంతో తేడా తెలుస్తుంది. మధ్యలో మానేసిన పిల్లలను లెక్క నుంచి తీసేయడం అన్నిటికన్నా పెద్ద మోసం, ఎందుకంటే దెబ్బతిన్నవాళ్లే ముందు మానేస్తారు.

ఏం కొలవాలన్న దానికి ఉగాండా గ్రామాల నుంచి నేర్చుకోదగినది ఒకటుంది. మసాకా, రకాయ్ జిల్లాల్లో 16 వారాలు నడిచిన బృంద చికిత్స ఫలితాలు 2003లో వెలువడ్డాయి. చికిత్స తరువాత ఆ బృందాల్లో 6.5 శాతం మంది మాత్రమే తీవ్ర కుంగుబాటు ప్రమాణాలకు సరిపోగా, చికిత్స అందని గ్రామాల్లో 54.7 శాతం మంది సరిపోయారు. అక్కడి పరిశోధకులు ముందుగా ఆ ఊళ్లవాళ్లనే అడిగి, స్త్రీలూ పురుషులూ రోజూ చేసుకునే పనులేవో తెలుసుకుని, ఆ పనులు చేయగలుగుతున్నారా లేదా అన్నదాన్ని కూడా కొలతలో చేర్చారు. మన హాస్టల్ పిల్లల విషయంలో మెస్‌లో పూట తప్పకుండా తింటున్నారా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తుతున్నారా, రూమ్‌మేట్లతో మాట కలుపుతున్నారా అన్నవి అలాంటివే. మార్కులను మాత్రం ఈ పట్టికలో చేర్చకూడదన్నది నా గట్టి అభిప్రాయం. చేర్చిన మరుక్షణం కౌన్సెలింగ్ కూడా ర్యాంకుల యంత్రంలో ఒక భాగమైపోతుంది.

సహ నిర్వహణ, మూల్యాంకనం ఒకదానికొకటి పనికొచ్చేది ఇక్కడే. ప్రతి సెషన్ చివర పిల్లలు రెండు నిమిషాల్లో నింపే నాలుగు ప్రశ్నల చీటీ ఉండాలి: నా మాట విన్నారా, నాకు కావలసిన విషయం మీద మాట్లాడామా, నడిపిన తీరు నాకు నచ్చిందా, ఈ రోజు మొత్తంగా నాకు సరిపడిందా. దాన్ని చూడకముందే ఇద్దరు నిర్వాహకులూ విడివిడిగా, ఒకరి కాగితం ఇంకొకరు చూడకుండా, ఈ రోజు ఎవరు దూరం జరిగారనుకుంటున్నారో రాసుకోవాలి. తరువాత మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరి అంచనాలూ కలవని పేరు, ఇద్దరూ బాగున్నాడనుకున్నా చీటీలో తక్కువ గుర్తు పెట్టిన పేరు వచ్చే వారం మొదట పలకరించాల్సినవాళ్ల పేర్లు. ఆ చీటీలు ప్రిన్సిపాల్ దగ్గరికో తల్లిదండ్రుల దగ్గరికో వెళ్లవని, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప ఏదీ గది దాటదని మొదటి రోజే చెప్పాలి. ఒకే గదిలో నిద్రపోయే పిల్లలను వీలైనంతవరకు ఒకే బృందంలో వేయకపోవడం ఇందులో భాగమే.

రెండో మనిషి జీతం ఎక్కడి నుంచి తేవాలన్నది సంస్థలు అడిగే మొదటి ప్రశ్న. ఆంధ్ర, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ చదివే విద్యార్థులకు అనుభవజ్ఞుల పక్కన కూర్చుని బృందం నడపడం నేర్చుకోవడానికి చోటు కావాలి. పర్యవేక్షణ, గౌరవ భృతి ఇచ్చి ఒక విద్యా సంవత్సరం పాటు వాళ్లను సహ నిర్వాహకులుగా తీసుకోవచ్చు. ఇది పూర్తి పరిష్కారం కాదు గానీ, ఒంటరిగా నడిపే కౌన్సెలర్ కన్నా ఖచ్చితంగా మేలు.

సుప్రీంకోర్టు మార్గదర్శకాల ప్రకారం ప్రతి సంస్థా పేర్లు బయటపెట్టకుండా రికార్డులు ఉంచి, ఎన్ని కార్యక్రమాలు జరిపిందో, ఎంతమందిని వైద్యుల దగ్గరికి పంపిందో ఏటా నివేదిక ఇవ్వాలి. అది సంఖ్యల నివేదిక. దాని నమూనాలో తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు మరో నాలుగు గడులు చేర్చవచ్చు: బృందాన్ని ఎంతమంది నడిపారు, చేరినవారిలో మధ్యలో ఎంతమంది మానేశారు, మొదటి, చివరి కొలతల మధ్య ఎంతమంది మెరుగయ్యారు, ఎంతమంది దిగజారారు. నాలుగో గడిలో సున్నా రాసిన సంస్థనే జిల్లా పర్యవేక్షణ కమిటీ ముందుగా తనిఖీ చేయాలి.