పాలసీని వెనక నుంచి చదవండి

హాలు అద్దెకు తీసుకునేటప్పుడు నిర్వాహకులు ఒప్పందంలో చూసేవి రెండే: అద్దె ఎంత, రాత్రి ఎన్నింటికి ఖాళీ చేయాలి. ఆ రెండింటికీ నడుమ, సన్నటి అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. కార్యక్రమం జరిగే సమయంలో ఆవరణలో ఎవరికి ఏ హాని జరిగినా అద్దెదారుదే పూచీ. ఆ కారణంగా యజమాని మీద ఎవరైనా దావా వేస్తే ఆ ఖర్చులూ అద్దెదారే భరించాలి. దాని కింద సంతకం చేసి, అడ్వాన్సు కట్టి, రసీదు జేబులో వేసుకుని బయటికి వస్తాం. హాలు ఒక్కరోజుకే మనది. హాలు యజమాని మీదికి రాబోయే కష్టాలు మాత్రం శాశ్వతంగా మన పేరు మీదికి మారిపోయాయి.

నేనూ అలా సంతకాలు చేసినవాణ్నే. కొన్నేళ్ల కిందట మిత్రులం కలిసి ఆరుబయట ఒక పుస్తక ప్రదర్శన పెట్టాం. వేదిక మీది మైకుకు కరెంటు కోసం పక్క భవనం నుంచి ఒక తీగ లాగి, జనం నడిచే దారికి అడ్డంగా పరిచి, దాని మీద రెండు చోట్ల టేపు అంటించాం. మధ్యాహ్నానికి ఒక చోట టేపు ఊడిపోయింది. ఒక పెద్దావిడ కాలికి తీగ తగులుకుని పడిపోయారు, మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో ఆవిడ కొడుకు చాలా మర్యాదగానే అడిగాడు: ‘మీ కార్యక్రమానికి బీమా ఏమైనా ఉందాండీ?’ ఉందన్నాను. ఆ జవాబు పూర్తి చేయడానికి మాత్రం నోరు రాలేదు. మేం తీసుకున్న బీమా వాన పడి కార్యక్రమం ఆగిపోతే డబ్బు ఇచ్చేది. ఆ రోజు ఎండ పెళపెళలాడింది.

ఆ మణికట్టు దగ్గరే నా వాదన అంతా ఉంది. కార్యక్రమ బీమా అనేది ఒకే వస్తువు కాదు. అందులో ప్రధానంగా రెండున్నాయి. కార్యక్రమం రద్దయినా, వాయిదా పడినా, మధ్యలో ఆగినా మనం పెట్టిన ఖర్చు తిరిగి ఇచ్చేది ఒకటి. మన కార్యక్రమం వల్ల మరొకరి ఒంటికో ఆస్తికో నష్టం జరిగితే, వాళ్లకు మనం చెల్లించాల్సింది చెల్లించేది రెండోది, అంటే బాధ్యత బీమా. మొదటిది మన డబ్బుకు కాపలా, రెండోది వచ్చినవాళ్లకు. నిర్వాహకులు నూటికి తొంభైమంది మొదటిదాని గురించే అడుగుతారని నా అనుమానం. ఈ వరుస పూర్తిగా తలకిందులు.

ఎందుకు తలకిందులైందో తెలియనిది కాదు. 2020లో మహమ్మారి దెబ్బకు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తొలిసారిగా వింబుల్డన్ టెన్నిస్ పోటీలు రద్దయినప్పుడు ఒక వార్త లోకమంతా తిరిగింది. 2003 నాటి సార్స్ అంటువ్యాధి తర్వాత, ఆ పోటీలు నడిపే క్లబ్బు అంటువ్యాధుల రక్షణ కూడా ఉన్న పాలసీ తీసుకుని, ఏటా సుమారు 20 లక్షల డాలర్ల చొప్పున 17 ఏళ్లు ప్రీమియం కట్టిందని, ఇప్పుడు 14 కోట్ల డాలర్ల దాకా రాబోతున్నాయని పత్రికలు రాశాయి. దూరదృష్టి అంటే అదేనని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ తర్వాతి ఏడాదికి అదే రక్షణ ఆ క్లబ్బుకే దొరకలేదన్న సంగతి అంతగా తిరగలేదు. రద్దు బీమాలో ఈ గుణం పాతదే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, కొరియా, జపాన్ దేశాల్లో జరగాల్సిన 2002 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్‌కు ఇచ్చిన రద్దు బీమాను ఆక్సా అనే బీమా సంస్థ అక్టోబరులో వెనక్కి తీసుకుంది. ఆ పోటీలు నడిపే ఫిఫా అంతటిది మరో బీమా సంస్థను వెతుక్కోవలసి వచ్చింది. ఎండాకాలంలో అరువిచ్చిన గొడుగును మబ్బు పట్టగానే తిరిగి అడిగినట్టు.

ఇక రెండో వైపు చూడండి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, వెస్ట్ వార్విక్‌లోని ‘ది స్టేషన్’ అనే చిన్న క్లబ్బులో సంగీత కచేరీ మొదలైన క్షణాల్లోనే వేదిక మీద కాల్చిన బాణసంచా నిప్పురవ్వలు గోడలకు అతికించిన నురుగు పలకలకు అంటుకున్నాయి. వందమంది చనిపోయారు. సిబ్బందికి చట్టప్రకారం ఉండాల్సిన బీమా యజమానులు తీసుకోలేదని తేలి పది లక్షల డాలర్లకు పైగా జరిమానా పడింది. బాధితులకు చివరికి అందిన పరిహారం మొత్తం సుమారు 17.6 కోట్ల డాలర్లు. అది ఎక్కడి నుంచి వచ్చింది? నురుగు తయారుచేసినవాళ్లు, కచేరీతో పేరు జతచేసుకున్న ప్రాయోజకులు, ఆ రాత్రి లోపల చిత్రీకరిస్తున్న కెమెరామన్ పనిచేసే టీవీ సంస్థ, పట్టణం, రాష్ట్రం, ఇలా డజన్లకొద్దీ ప్రతివాదుల నుంచి. ఆ రాత్రి ఆ గదిలో అడుగు పెట్టనివాళ్లు కూడా చెల్లించారు. బాధ్యత అనేది ఒలికిన నూనె లాంటిది, ఎక్కడ ఆగుతుందో ముందుగా గీత గీయలేం. రద్దయిన కార్యక్రమంలో మనకు పోయేది మహా అయితే పెట్టిన ఖర్చు, దానికొక అంకె ఉంటుంది. గాయపడ్డ మనిషికి చెల్లించాల్సినదానికి ముందస్తు అంకె లేదు. అంకె తెలిసిన నష్టానికి పాలసీ తీసుకుని, అంకె తెలియనిదాన్ని అదృష్టానికి వదిలేయడం ఏ లెక్కన తెలివి?

కాబట్టి బాధ్యత బీమాతోనే మొదలుపెట్టాలి. దాన్ని ఎంచుకునేటప్పుడు పాలసీ పత్రాన్ని వెనక నుంచి చదవాలి. ముందు పేజీల్లో ఉండేది వాగ్దానం, అది అన్ని కంపెనీలదీ దాదాపు ఒకటే. తేడా అంతా వెనక పేజీల్లోని మినహాయింపుల్లో ఉంటుంది. అక్కడ బాణసంచా ఉందేమో చూడండి. గాలి నింపిన ఆటబొమ్మలు, తాత్కాలిక వేదికలు, జంతువులు, డ్రోన్లు ఉన్నాయేమో చూడండి. పరుగు పందెం పెడుతున్నారా? పోటీలో పాల్గొనేవాళ్లకు తగిలే గాయాలను చాలా పాలసీలు పక్కన పెడతాయి, చూడవచ్చినవాళ్లకు తగిలినవాటికే చెల్లిస్తాయి. పరుగు పందెంలో పడిపోయేది ఎవరు, చూసేవాళ్లా? మద్యం ఉచితంగా పోయడానికీ అమ్మడానికీ తేడా ఉంది, అమ్మితే విడిగా రక్షణ తీసుకోవాలి. అంటువ్యాధుల మినహాయింపు 2020 తర్వాత ఇంచుమించు అన్ని పాలసీల్లోకీ వచ్చి కూర్చుంది.

తేదీలు మరీ ముఖ్యం. కార్యక్రమం శనివారం అని రాసి శనివారానికే పాలసీ తీసుకుంటారు. కానీ నిచ్చెనలు ఎక్కేది శుక్రవారం, బరువులు దించేది ఆదివారం. వేదిక కట్టే రోజు, విప్పే రోజు పాలసీలో లేకపోతే, ప్రమాదానికి ఎక్కువ వీలున్న రెండు రోజులను బయట వదిలేసినట్టే. అలాగే ‘బీమా పొందినవారు’ అన్న మాటకు పత్రం ఇచ్చే నిర్వచనంలో స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారో లేదో వెతకాలి. కుర్చీలు మోసేది, దారి చూపేది వాళ్లే. వాళ్ల చేతిలోంచి జారిన కుర్చీ మరొకరి పాదం మీద పడితే, వాళ్లు మనవాళ్లో కాదో అప్పుడు వాదించుకోవాల్సి రాకూడదు.

మొత్తాల సంగతికొస్తే, పత్రంలో రెండు పరిమితులు ఉంటాయి: ఒక్కో ఘటనకు ఇంత, పాలసీ కాలమంతటికీ కలిపి ఇంత. క్లెయిములో మొదట మన జేబులోంచి పోవాల్సిన మొత్తం మరొకటి. దాన్ని పెంచితే ప్రీమియం తగ్గుతుంది. ఏజెంట్లు ఆ తగ్గింపునే ముందు చూపిస్తారు. ఇంకో చిక్కు, పాలసీ ఏ ప్రాతిపదిక మీద పనిచేస్తుందన్నది. ఘటన పాలసీ కాలంలో జరిగితే చాలు, దావా ఎప్పుడొచ్చినా చెల్లించేవి కొన్ని. దావా కూడా పాలసీ కాలంలోనే రావాలనేవి కొన్ని. ఒక్కరోజు కార్యక్రమానికి రెండో రకం తీసుకుంటే అది ఏటి ఒడ్డున దించి వెళ్లిపోయే బండి. జారిపడిన మనిషి కోర్టుకు వెళ్లేది మరునాడు కాదు, మరుసటి సంవత్సరం. హాలు యజమాని తన పేరు కూడా పాలసీలో చేర్చమని అడగవచ్చు, చేర్చండి. వంటవాళ్లనూ లైట్లవాళ్లనూ వేదిక కట్టేవాళ్లనూ మీరు కూడా అదే అడగాలి. వాళ్ల బీమా ధ్రువపత్రం చేతికి రాకముందే అడ్వాన్సు చేతికివ్వడం మన అలవాటు.

రద్దు బీమా అక్కర్లేదనడం లేదు. టిక్కెట్లు అమ్మి, కళాకారులకు ముందుగా చెల్లించి నడిపే కార్యక్రమాలకు అది ఊపిరి. కాకపోతే అది ఇచ్చేది మన చేతిలో లేని కారణాలకే. టిక్కెట్లు అమ్ముడుపోలేదనో, డబ్బు సర్దుబాటు కాలేదనో ఆపేస్తే పైసా రాదు. ముఖ్య కళాకారుడు రాకపోతే ఇచ్చే రక్షణ సాధారణంగా విడిగా కొనుక్కోవాలి. వాన బీమాలో ఒక రకానికి ఎవరి నష్టంతోనూ పనిలేదు, ఫలానా కేంద్రంలోని వర్షమాపకంలో ఫలానా గంటల మధ్య ఇన్ని మిల్లీమీటర్లు నమోదైతే చెల్లిస్తారు. ఆ మాపకం మీ మైదానంలో ఉండదు. మీ వేదిక మునిగిపోయి, అక్కడ మాత్రం చినుకు రాలకపోతే, రికార్డు ప్రకారం ఆ రోజు పొడిగా గడిచినట్టే. తుపాను పేరు వార్తల్లోకి వచ్చాక కొందామనుకుంటే ఎవరూ అమ్మరు.

ఇంత చిన్న కార్యక్రమానికి ఇంత తతంగమా అన్నవాళ్లను నేను తప్పు పట్టను. ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి పాలసీ అవసరం లేదు. ఇంటి బీమా, సంస్థ బీమా ఇప్పటికే కొంత మేర రక్షణ ఇస్తుంటే అది చాలవచ్చు కూడా, అడిగి తెలుసుకోవాలి. బీమా కంపెనీలు కట్టించుకునేటప్పుడు చూపిన నవ్వు ఇచ్చేటప్పుడు చూపవన్న కోపమూ న్యాయమైనదే. హాలుకు బీమా ఉంది కదా అనేవాళ్లతో మాత్రం ఏకీభవించలేను. హాలు బీమా హాలు యజమానిని కాపాడుతుంది. అతడి కంపెనీ అతడి తరఫున చెల్లించి, ఆ డబ్బు మన దగ్గర వసూలు చేసుకోవడానికి మన మీదికే రావచ్చు. మొదట్లో చెప్పిన, హాలు ఒప్పందం మీది సంతకం అందుకు ఉపయోగపడుతుంది.

నన్ను అసలు ఆకట్టుకునేది పాలసీ కూడా కాదు, దానికి ముందు మనం నింపే ప్రతిపాదన పత్రం. ఎంతమంది వస్తారు, బయటికి దారులెన్ని, వేదిక ఎత్తెంత, దాన్ని కట్టింది ఎవరు, నిప్పు వాడతారా, చీకటి పడ్డాక దీపాలున్నాయా. ఇందులో దాచితే క్లెయిము నిలవదు. 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పిన కార్టర్, బోహ్మ్ దావా నాటి నుంచీ ఆ సూత్రం నడుస్తోంది: ప్రమాదానికి సంబంధించిన అసలు సంగతులు చాలావరకు బీమా కొనేవాడికే తెలుస్తాయి కాబట్టి వాటిని అతడే చెప్పాలి. చాలా దేశాల్లో ఆ తర్వాత ఈ సూత్రాన్ని కొంత సడలించారు, కానీ అడిగినదానికి అబద్ధం చెప్పే వెసులుబాటు ఎక్కడా రాలేదు. ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాస్తూ పోతే, మన కార్యక్రమాన్ని ఒక అపరిచితుడి కళ్లతో మొదటిసారి చూస్తాం. అడ్డంగా పరిచిన తీగ అప్పుడే కనబడుతుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఒకటుంది. కొన్ని పత్రాల్లో అది ఉంటుంది, లేకపోతే మనమే రాసుకోవాలి: అవసరమైతే కార్యక్రమాన్ని ఆపే అధికారం ఎవరిది?

2011 ఆగస్టు 13 సాయంత్రం అమెరికాలో ఇండియానా రాష్ట్ర జాతర మైదానంలో సంగీత కచేరీకి జనం చేరారు. ఉరుములతో గాలివాన దగ్గరపడుతోంది, నిర్వాహకులకు తెలుసు, చర్చలూ జరుగుతున్నాయి. వేదిక మీదికి ఒకాయన వచ్చి వాతావరణం బాగోలేదని, అవసరమైతే ఎటు వెళ్లాలో చెప్పి, కచేరీ జరుగుతుందనే ఆశిస్తున్నామని కూడా అన్నాడు. కొద్ది నిమిషాల్లోనే ఈదురుగాలికి వేదిక పైకప్పు నిర్మాణం జనం మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. ఆ నిర్మాణం నిబంధనల ప్రకారం తట్టుకోవాల్సినంత గాలిని తట్టుకునేలా లేదని తర్వాతి దర్యాప్తులో తేలింది. కచేరీని ఆపే నిర్ణయం ఎవరిదన్న స్పష్టతే లేదనీ తేలింది. ఒక్క ఘటనకు ప్రభుత్వం చెల్లించే పరిహారం మొత్తం 50 లక్షల డాలర్లకు మించకూడదని ఆ రాష్ట్ర చట్టం. పరిమితి అన్న మాట కాగితం మీద ఎంత చల్లగా ఉంటుందో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలిసి ఉంటుంది.

ఆపడం మన సభా సంస్కృతిలో అవమానం. గాలివానలోనూ ఆగకుండా పాడినవాణ్ని ఏళ్ల తరబడి చెప్పుకుంటాం. ‘ఇక చాలు, అందరూ లేవండి’ అన్నవాణ్ని పిరికివాడంటాం. అతడు ఆపడం వల్ల ఏ ప్రమాదమూ జరగదు కాబట్టి, అతడు చేసింది మంచిదని రుజువు చేసుకునే వీలూ అతడికి ఉండదు. అందుకే ఆ పని ఎవరూ మీదేసుకోరు. ఆహ్వాన పత్రికలో అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, వందన సమర్పణ, అందరి పేర్లూ ఉంటాయి. ఆపగలిగే మనిషి పేరు ఉన్న ఆహ్వానం ఒక్కటి కూడా నేను చూడలేదు.

మరుసటి ఏడు ప్రదర్శనకు బాధ్యత బీమా తీసుకున్నాం. ఆపే అధికారం ఎవరిదన్న గడిలో మా బృందంలోకెల్లా తక్కువ మాట్లాడే మిత్రుడి పేరు రాశాం. అతడు పొద్దున్నే వచ్చి దారంతా నడిచి చూసి, మైకు తీగను గోడ వెంబడి చుట్టూ తిప్పి కట్టేదాకా గేటు తెరవనివ్వలేదు. సభ నలభై నిమిషాలు ఆలస్యమైంది. అధ్యక్షుల వారికి బాగా కోపం వచ్చింది.