సూత్రప్రాయంగా పొగ మానేశాం

పొగాకు రహిత క్యాంపస్‌ను విశ్వవిద్యాలయంలో వ్యతిరేకించేవారు ఒక్కరూ లేరు. వీసీ సమర్థిస్తారు, అధ్యాపక సంఘం సమర్థిస్తుంది, విద్యార్థి సంఘం సమర్థిస్తుంది. సిగరెట్ చేతిలో పట్టుకుని సమర్థించేవారూ ఉన్నారు. అందరి మద్దతూ సూత్రప్రాయమే కాబట్టి కాల్చుకోవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంతటి ఐకమత్యం చెదిరిపోకుండా కాపాడటానికే కమిటీ వేస్తారు. పీల్చిన నికోటిన్ పది సెకన్లలో మెదడుకు చేరుతుంది. కమిటీ సిఫార్సు రిజిస్ట్రార్ బల్ల మీదికి చేరడానికి రెండు సెమిస్టర్లు కావాలి. పైగా ఒంట్లో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే సమావేశం కాస్త సాగిందంటే ఓ ఇద్దరు సభ్యులు "ఒక్క ఫోన్ మాట్లాడి వస్తాను" అంటూ మెట్ల కిందికి వెళ్తారు. మినిట్స్‌లో దీన్ని క్షేత్రస్థాయి పరిశీలనగా నమోదు చేయాలని నా సూచన.

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో కనీసం 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. అయితే అవి మన క్యాంపస్ గాలిలోనూ అలాగే ప్రవర్తిస్తాయా అన్నది ఉపసంఘం తేల్చాలి కదా! 1954లో అమెరికా సిగరెట్ కంపెనీలు కూడా ఇంతే బాధ్యతగా, పొగ వల్ల హాని ఉందో లేదో పరిశోధన చేయిస్తామని పత్రికల్లో ప్రకటన ఇచ్చాయి. అసలు సంగతి 1969 నాటి ఓ కంపెనీ అంతర్గత పత్రంలో ఉంది: సందేహమే మా సరుకు. ఆ సరుకు తయారీకి వాళ్లు కోట్లు పోశారు. మన కమిటీ టీఏ, డీఏలతోనే నెట్టుకొస్తోంది.

ఇలా సవ్యంగా సాగుతుండగా ఒక విద్యార్థిని లేచి, "కాల్చేవాళ్లను అడిగారా సర్?" అంది. వాళ్లలో చాలామంది మానేయాలనుకుంటారట. ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలింగ్, మానేయడానికి చర్మం మీద అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లు పెట్టి, ముందుగా గడువు చెప్పి, నమిలే పొగాకునూ ఈ-సిగరెట్లనూ కలిపి, నిబంధన ప్రొఫెసర్లకూ వర్తింపజేస్తే జనం నిషేధానికి మద్దతుగా నిలబడతారట. ఆఖరి మాట దగ్గర గదిలో చాలామంది సెల్‌ఫోన్లు చూసుకున్నారు. రాత్రి గేటు దగ్గర పెద్దాయన సిగరెట్ వెలిగిస్తే, కాంట్రాక్టు మీద ఉన్న సెక్యూరిటీ గార్డు "ఆర్పేయండి సార్" అనాలన్నమాట. మర్నాడు గార్డు ఉద్యోగం సంగతి ఎవరు చూస్తారో ఆ అమ్మాయి చెప్పలేదు. నిజానికి మేమూ అడగలేదు.

పారిశుద్ధ్య కార్మికురాలిని కూడా కమిటీలో వేయాలంది. ఆవిడ రోజూ పొద్దున్నే "పొగ తాగరాదు" బోర్డు కింద గొంతుక్కూర్చుని, చీపురుకు అందని సిగరెట్ పీకల్ని టైల్స్ సందుల్లోంచి పుల్లతో లాగుతుంటుంది. అవి దూదిలా కనిపిస్తాయి గానీ సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్, తొందరగా మట్టిలో కలవవు. ఇంత అనుభవం ఉన్న మనిషి కమిటీలో కూర్చుంటే మిగతా సభ్యులకు పని ఉండదు. అందుకే ఆ ప్రతిపాదనను పరిశీలనలో ఉంచారు.

చివరికి ప్యాచ్‌లకు నిధులు లేవని ఫైనాన్స్ ఆఫీసర్ తేల్చారు. కొత్త బోర్డులకు మాత్రం టెండర్ పిలిచారు. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలట. పాతవాటి మీద సిగరెట్లు నలిపి నలిపి రంగు ఊడిపోతోందని ఎస్టేట్ విభాగం ఫిర్యాదు.