పక్క స్థలంలో సెల్లార్ తవ్వకం: లెక్కలో నీళ్లేవి?

చెన్నై టి.నగర్‌లో పక్క స్థలంలో సెల్లార్ తవ్వకం మొదలైతే, ఇంటివాళ్లు "మా ఇల్లు ఎంత దిగుతుంది?" అని అడుగుతారు. ఇల్లంతా ఒకేలా 20 మి.మీ. దిగితే పైపుల అతుకులకే ఇబ్బంది, గోడలకు కాదు. గోడ చీలేది వంగినప్పుడు.

9 మీటర్ల గుంత ప్రభావం బంకమట్టిలో 18 నుంచి 27 మీటర్ల దూరం పాకవచ్చు. ఆ పరిధిలో 10 మీటర్ల గోడ ఉందనుకుందాం. గుంత వైపు చివర 24, అవతలి చివర 4, నడుమ 8 మి.మీ. దిగింది. వంగకుండా వాలి ఉంటే నడుమ 14 దిగాలి. ఆ 6 మి.మీ. తేడాయే వంపు, అంటే పొడవులో 0.06 శాతం. నడుమ ఎత్తుగా మిగిలే ఈ ఆకారంలో పగుళ్లు పైభాగంలో తెరుచుకుంటాయి, అక్కడ పునాది ఆదుకోదు. దీనికి నేల గుంత వైపు జరగడం వల్ల వచ్చే సాగుడునూ కలపాలి. మొత్తం సాగుడు 0.075 నుంచి 0.15 శాతం మధ్య ఉంటే, భవనాల నష్టాన్ని తీవ్రతను బట్టి విభజించే బర్లాండ్ తరగతుల్లో అది స్వల్ప నష్టం: 5 మి.మీ. దాకా పగుళ్లు. 0.15 దాటితే పగుళ్లు 15 మి.మీ. వరకు, తలుపులు బిగుసుకుంటాయి.

ఈ వంపు లెక్క పద్ధతి మంచిదే. చెన్నైలో అది బోల్తా పడేది నీటి దగ్గర. టి.నగర్‌లో చాలా భాగం 1920లలో పూడ్చిన పెద్ద చెరువు మీద లేచింది. పంపులు నీటిమట్టాన్ని ఒక్క మీటరు దించితే, కింది మట్టి మీద చదరపు మీటరుకు దాదాపు టన్ను బరువు అదనంగా పడుతుంది. మెత్తటి బంకమట్టిలో ఆ కుంగుబాటు నెలల తరబడి సాగుతుంది, గుంత అంచుకు లెక్కగట్టిన హద్దునూ దాటిపోతుంది.

ఇసుక నేలలో ప్రమాదం వేరు. గుంత చుట్టూ మట్టిని ఆపే స్తంభాల (పైల్స్) సందుల్లోంచి నీటితో ఇసుక కారితే వెనక నేల డొల్ల అవుతుంది. దాన్ని ఏ వంపు లెక్కా ముందుగా చెప్పలేదు. 2017 ఏప్రిల్‌లో అన్నాసాలైలో మెట్రో సొరంగం పనుల చోట రోడ్డు ఉన్నట్టుండి కుంగి బస్సు, కారు దిగబడ్డాయి. పంపు నీళ్లను బకెట్లో పట్టి కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక చేరితే, ఆ సందు మూసేదాకా తవ్వకం ఆపాల్సిందే.

ఇంటివాళ్లకూ చేయగలిగిన పని ఉంది. తవ్వకానికి ముందే ప్రతి గదిలోని పాత పగుళ్లను వెడల్పుతో, తేదీ ఉన్న ఫొటోతో నమోదు చేయించి సంతకాలతో ఒక కాపీ తీసుకోవాలి. లేకపోతే తర్వాత "అది పాత పగులే" అన్న మాటకు జవాబుండదు. కొలతలకు ఆధారమైన లెవెల్ గుర్తును గుంత పరిధికి బయట పెట్టించాలి. లోపల పెడితే గుర్తూ ఇంటితోపాటే దిగి, కుంగుబాటు తక్కువగా కనిపిస్తుంది. పెరట్లో బావి ఉంటే రోజూ ఒకే వేళకు నీటి మట్టం కొలిచి రాసుకోండి. తొలి రీడింగ్ పంపు ఆడకముందే ఉండాలి.